99.9 మార్కుల సర్వరు

మీ పిలకాయకి పరీక్షలో 99.9 శాతం వస్తే ఏం చేస్తారు? మన ఇందుకూరుపేట సెంటర్లో ఫ్లెక్సీ కట్టిస్తారు. కాలేజీవాళ్లు ఫొటో అడుగుతారు. మేనమామ వాచీ కొనిపెడతాడు. బాగానే ఉంది. అదే ఒక సర్వరుకి 99.9 వస్తే? సంబరపడబాకండి సామీ, లెక్క వేయండి. ఏడాదికి 8,760 గంటలు. అందులో వెయ్యో వంతు పోతే 8 గంటల 45 నిమిషాలు. అంటే ఒక పూట డ్యూటీ మొత్తం ఆ మిషను కళ్లు తేలేసిందన్నమాట. ఇంకో తొమ్మిది తగిలించి 99.99 చేస్తే పోయేది 52 నిమిషాలు. ఆ పైన మరో తొమ్మిది పెడితే అయిదు నిమిషాల చిల్లర. ఒక్కో తొమ్మిదికి ఖర్చు ఎట్టా పెరుగుతుందో మాత్రం అడగబాకండి. మా ఫైనాన్సు ఆయన అడిగి, ఇప్పటికీ మంచినీళ్లు తాగుతానే ఉన్నాడు.

సరే, ఆ 8 గంటల 45 నిమిషాలు ఎప్పుడు పోయాయి? ఆదివారం అర్ధరాత్రి పోయాయా? ఎవరికీ తెలియను కూడా తెలీదు. ఒకటో తారీఖున జీతాలు వేసే వేళ పోయాయా? ఆఫీసులో ఇక తిరణాళ్లే. కానీ మార్కు చూడండి, రెండుసార్లూ అదే 99.9. ఇదీ నేను మిమ్మల్ని పిలిచి మరీ చెప్పాలనుకున్న సంగతి. మిషన్ల లెక్క మిషన్ల కాడ, వ్యాపారం లెక్క వ్యాపారం కాడ ఉన్నంతకాలం రెండూ నిజాలే. ఒక్కటీ అక్కరకొచ్చే నిజం కాదు. రెండిటినీ తెచ్చి ఒకే తెర మీద పక్కపక్కన పెట్టండి. అప్పుడు చూడాలి తమాషా!

ఏందబ్బా, మైపాడు సముద్రం గాలి పీల్చుకుంటా కూర్చోక ఈ సర్వర్ల గోల ఏంది అంటారా? నేను చెన్నైలో చాన్నాళ్లు ఈ పనే చేసినవాణ్ణి. ఇంటి నుంచి పని అనే వరం దొరకగానే మూటాముల్లే సర్దుకుని ఊరొచ్చి పడ్డవాణ్ణి. గాలి పీలుస్తానే ఉన్నా. గాలికి, గ్రాఫుకి గొడవేం లేదు.

ముందు మిషన్లని కనిపెట్టుకుని ఉండే కాపలా సాఫ్ట్‌వేర్ల సంగతి చెప్తా వినండి. మిషన్లని పలకరించడానికి ఎస్‌ఎన్‌ఎంపీ అని ఒక పద్ధతుంది. 1988 నుంచీ ఉంది, ఇంకా రిటైరు కాలేదు. అయిదు నిమిషాలకోసారి రౌటరు దగ్గరకి, స్విచ్చి దగ్గరకి, సర్వరు దగ్గరకి పోయి అడుగుతుంది. ఉన్నావా? ఒళ్లు వేడిగా ఉందా? డిస్కులో చోటెంత మిగిలింది? నాగియోస్ అనేది 1999లో వేరే పేరుతో పుట్టింది. జాబిక్స్ అనేది లాత్వియాలో ఒకాయన రాసి 2001లో లోకం మీదకి వదిలింది. ఇట్టాంటివి బోలెడు. అన్నీ రాత్రింబవళ్లు రాసుకుంటా ఉంటాయి. ఎంత వేడి, ఎంత రద్దీ, ఎప్పుడు పడింది, ఎప్పుడు లేచింది, ఎవరు ఫిర్యాదు టికెట్టు తెరిచారు, ఎవరు మూశారు.

మరి ఇంత శ్రద్ధగా రాసినదాన్ని ఎవరు చదువుతారు? ఎవరూ చదవరు! ఎర్రలైటు వెలిగితే ఎవరో లేచి సరిచేస్తారు. పచ్చలైటు రాగానే మళ్లీ ముసుగుతన్ని పడుకుంటారు. ఏడాది కబుర్లు పోగయ్యాక, డిస్కు నిండిపోతోందని ఒకరోజు తుడిచేస్తారు. ప్రాణం ఉసూరుమనదూ?

ఆ పక్క గదిలో ఇంకో లోకం. అమ్మకాలు, బిల్లులు, బాకీలు. వాళ్ల చేతిలో లెక్కల్ని బొమ్మలుగా గీసే మైక్రోసాఫ్ట్ పవర్ బీఐ ఉంది, 2015 జులైలో అందరికీ వచ్చింది. అప్పటికి ఏడాదిన్నర ముందే, 2014 ఫిబ్రవరిలో, మన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టుకున్నాడు. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో క్రికెట్ ఆడుకున్న పిల్లాడు. కాబట్టి పవర్ బీఐలో మనకీ కొంచెం వాటా ఉందని నేను వాదిస్తుంటా. చెన్నై మిత్రులు ఒప్పుకోరు. వాళ్లకి వాళ్ల జోహో ఉంది గదా!

జోహో సంగతి వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. ఇప్పుడా సాఫ్ట్‌వేరు కంపెనీ రేణిగుంటలో కూడా ఉంది, మనకి పరాయిదేం కాదు. 1996లో అడ్వెంట్‌నెట్ అనే పేరుతో మొదలైనప్పుడు వాళ్లు అమ్మిందేందో తెలుసా? ఇందాక చెప్పానే, ఆ నెట్‌వర్కు పలకరింపుల సరుకే. ఆ కొమ్మ పెరిగి మేనేజ్‌ఇంజిన్ అయింది. ఇంకో కొమ్మ మీద లెక్కల బొమ్మలు గీసే జోహో అనలిటిక్స్ కాసింది. ఒకే ఇంట్లో ఈ పక్కా ఉంది, ఆ పక్కా ఉంది. వాళ్లకి వియ్యం కలపడం తేలిక. మనబోటి వాళ్లం వేరే వేరే ఊళ్ల సంబంధాలు కలపాల. అందులోనే ఉంది మజా.

కలపడం అంటే వైరు గుచ్చి వచ్చేయడం కాదు. కాపలా సాఫ్ట్‌వేరు డేటాబేసు మీదకి రిపోర్టుని నేరుగా ఉసిగొల్పబాకండి. పెద్ద క్వెరీ పడగానే కాపలాదారుకే ఆయాసం వస్తుంది. ఆయాసం వచ్చిందని తనే అలారం కొడతాడు. ఆ అలారం వచ్చి మళ్లీ మీ రిపోర్టులోనే ఎక్కుతుంది! నకలు ఒకటి తీసి పక్కన పెట్టుకోండి. దాని మీద ఎన్ని కుస్తీలయినా పట్టండి. అయిదు నిమిషాల లెక్కలన్నీ కూడా అక్కర్లేదు. జాబిక్స్ బుద్ధిమంతురాలు. గంటకి కనిష్ఠం, సగటు, గరిష్ఠం అని తనే కుదించి విడిగా దాస్తుంది. ఏడాది ముచ్చటకి ఆ గంటల లెక్క చాలు. గరిష్ఠాన్ని మాత్రం పారేయబాకండి. సగటు ఎప్పుడూ మర్యాదస్తుడే, గొడవ జరిగిన సంగతి గరిష్ఠమే చెప్తుంది.

ఆ తర్వాత టైము. అబ్బబ్బ, టైము! కంప్యూటరుకి టైమంటే 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి గడిచిన సెకండ్లు. అదీ గ్రీనిచ్ అర్ధరాత్రి. మనం అయిదున్నర గంటలు కలుపుకోవాల. కలుపుకోకపోతే మన రోజు తెల్లారుజామున అయిదున్నరకి మొదలవుతుంది. సూర్యోదయంతో రోజు లెక్కపెట్టే పంచాంగం ఆయనకి దీనిమీద పెద్ద అభ్యంతరం ఉండదు. అకౌంట్సు వాళ్లకి మాత్రం బోలెడంత ఉంటుంది. "నిన్న" అని రిపోర్టులో రాసి ఉంటుంది. మీ నిన్న వేరు, సర్వరు నిన్న వేరు.

దీనిమీద ఒక కథ చెప్పకుండా ఉండలేను. ఒక పాల వ్యాపారం. పేరెందుకులెండి. ఊరూరా కౌంటర్లు. పొద్దున ఏడింటికి బిల్లింగు నత్తనడక. ప్యాకెట్టు కోసం నిలబడ్డవాళ్లు తిట్టుకుంటా పోతున్నారు. మిషన్ల గదిని అడిగితే "మా కాడ అంతా పచ్చగానే ఉంది, డిస్కు రద్దీ రోజు సగటు 30 శాతం దాటలేదు" అన్నారు. అమ్మకాల గదిని అడిగితే "పొద్దున అమ్మకం పడిపోతోంది, మార్కెటింగు సరిగ్గా లేదు" అన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. రెండు లెక్కలూ ఒక తెర మీద పెట్టి, గంట గంటగా విడదీసి, పైన డిస్కు గీత, కింద బిల్లుకి పట్టే సెకండ్ల గీత వేశాం. ఏడింటికి రెండూ కలిసి లేచాయి, ఏడున్నరకి కలిసి దిగాయి. ఒక్కరోజు కాదు, ప్రతిరోజూ! ఏందా అని తవ్వితే, బ్యాకప్పుని రాత్రి ఒకటిన్నరకి పెట్టి ఉన్నారు. అందరూ పడుకునే వేళ, ఎంచక్కా పెట్టారు. సర్వరు గడియారం గ్రీనిచ్‌లో ఉంది. అక్కడ రాత్రి ఒకటిన్నర అంటే ఇక్కడ పొద్దున ఏడు. పాలప్యాకెట్ల ముహూర్తానికే బ్యాకప్పు లేచి డిస్కుని పట్టుకుంటోంది.

ఆ రెండు గీతలూ కలిసి లేచినప్పుడు నేను కుర్చీలోంచి లేచి ఇంట్లోవాళ్లందర్నీ పిలిచి చూపించా. కాఫీ పెడుతున్న ఆవిడ వచ్చి చూసి "ఇదేంది? కొండలా?" అంది. కొండలే! ఆ ఆనందం ఎట్టా చెప్పేది మీకు?

ఇక పేర్లు. ఇది చెప్తే మీరు తప్పకుండా నవ్వుతారు. కాపలా సాఫ్ట్‌వేరులో ఒక మిషను పేరు "ఎన్‌ఎల్‌ఆర్-యాప్-01". టికెట్ల పుస్తకంలో అదే "నెల్లూరు యాప్ సర్వర్". ఆస్తుల జాబితాలో "డెల్, నల్లది, కిటికీ పక్కన". ఈ మూడూ ఒకటేనని మీకూ నాకూ తెలుసు, కంప్యూటరుకి ఎట్టా తెలుస్తుంది? మన ఊరిదీ అదే అవస్థ. బస్సు బోర్డు మీద ఒక స్పెల్లింగు, బ్యాంకులో ఒకటి, రికార్డుల్లో ఇంకోటి. రెండు పట్టికలు కలిపితే ఇందుకూరుపేట రెండూళ్లుగా విడిపోయి, ఒకదాంట్లో జనం, ఇంకోదాంట్లో పింఛన్లు! ఈ గొడవ పడలేకే కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ప్రతి గ్రామానికీ ఒక నంబరు కోడు ఇచ్చింది. పేరు ఎట్టా రాసుకున్నా సరే, నంబరు మారదు. మిషన్లకీ అదే మందు. ముందు ఒక నంబరు ఇవ్వండి, తర్వాత ముద్దుపేర్లు పెట్టుకోండి. ఈ పని విసుగని అందరూ తప్పించుకుంటారు. నాకు మాత్రం పెళ్లి ఇంట్లో "ఈయన మీకేమవుతాడు" అని ఒక్కొక్కర్నీ ఆరా తీసినంత సరదా.

ఇట్టా వేరే వేరే లెక్కల్ని ఒకే తెర మీదకి తేవడం ఎక్కడన్నా పెద్ద ఎత్తున జరిగిందా అని మీరు అడక్కముందే చెప్తా. మన రాష్ట్రంలోనే జరిగింది. ముఖ్యమంత్రి ఆఫీసు కోసం కట్టిన "కోర్" డాష్‌బోర్డు గుర్తుందా? 2017లో వెలగపూడి సచివాలయంలో రియల్ టైమ్ గవర్నెన్స్ సెంటరు కూడా వచ్చింది, గోడంత తెరలతో. 1100కి ఫోను చేసి చెప్పే ఫిర్యాదులు ఒక పక్క, రిజర్వాయర్లలో నీళ్లు ఒక పక్క. వానెంత, భూగర్భ జలం ఎంత లోతులో ఉంది, ఎల్‌ఈడీ వీధిదీపాల సంగతేంది. ఆ రోజుల్లో ఆ డాష్‌బోర్డుని ఎవరైనా ఇంట్లో కూర్చొని తెరిచి చూసే వీలుండేది. నేను ఎన్ని రాత్రులు అన్నం చల్లారబెట్టుకుని చూశానో! సినిమాలు మీరు చూడండి, నాకు భూగర్భ జలం లోతు చెప్పే పీజోమీటరు చాలు.

రాజకీయం మీరు మీరు తేల్చుకోండి, నాకు నచ్చింది వీధిదీపం. ఎందుకంటే దీపానికి రెండు కథలుంటాయి. ఒకటి, వెలుగుతోందా లేదా. రెండోది, వెలుగుతోందని చెప్పే పెట్టె పనిచేస్తోందా లేదా. స్తంభం మీద పెట్టెకి సిగ్నలు పోయిందనుకోండి. దీపం కింద పిలకాయలు షటిలు ఆడుకుంటా ఉంటారు, లెక్కలో మాత్రం ఆ దీపం లేనట్టే. "లేదు" అన్న జవాబు వేరు, జవాబే లేకపోవడం వేరు. డాష్‌బోర్డు కట్టే కొత్త పిలకాయలు ఈ రెండింటినీ సున్నా కింద కట్టేస్తారు, అక్కడే కొంప మునుగుతుంది. తుఫాను రోజు చూడండి. 2018 అక్టోబరు 11 తెల్లారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లాలో కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. ఇట్టాంటి వేళ ఎక్కువ దెబ్బ తిన్న ఊరే ముందు మూగబోతుంది. ఫిర్యాదులే రాని ఊరు తెర మీద చల్లగా, పచ్చగా కనపడుతుంది! అందుకే నేను మూడో రంగు ఒకటి పెడతా, బూడిదరంగు. అంటే "అడిగాం, పలకలేదు" అని. మా బాసుకి బూడిదరంగు అంటే గిట్టదు. "పచ్చో ఎరుపో తేల్చవయ్యా" అంటాడు. తేలలేదనే గదా సార్ బూడిద!

అసలు తెర కట్టడం ఎవరి కాడ నేర్చుకోవాలంటే శ్రీహరికోట వాళ్ల కాడ. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు వాళ్ల రాకెట్ కేంద్రం షారు మన నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకి పోయింది. పోనీండి. జిల్లా మారినా రాకెట్టు మాకు కనపడటం మానలేదు. ఇప్పటికీ ప్రయోగం అంటే ఇటు జనం మేడలెక్కుతారు. నేను మేడా ఎక్కుతా, ఫోన్లో లైవూ పెడతా. ఎందుకంటారా? ఆ గీత కోసం! తెర మీద రాకెట్టు పోవాల్సిన దారి ముందే గీసి ఉంటుంది. పోతున్న దారి దాని మీదే పాకుతా వస్తుంది. అంతే, ఇంకేం చెప్పక్కర్లేదు. గీత మీద గీత ఉంటే చప్పట్లు, పక్కకి జరిగితే గుండె జారుతుంది. మన ఆఫీసు డాష్‌బోర్డుల్లో ఈ "పోవాల్సిన దారి" ఉండదు. డిస్కు 82 శాతం అని పెద్దక్షరాలతో వేస్తారు. అయితే ఏంది? నిరుడు ఇదే నాటికి ఎంత? దసరా ముందు ఎప్పుడూ ఇంతేనా? ఆ లేతరంగు గీత ఒకటి వెనకాల వేయండి, చూసేవాడే కథ చెప్పుకుంటాడు.

చంద్రయాన్-2 రాత్రి గుర్తుందిగా? 2019 జులై 15, తెల్లారుజాము 2 గంటల 51 నిమిషాలకి ప్రయోగం. ఇంకో 56 నిమిషాలు ఉందనగా కౌంట్‌డౌను ఆపేశారు. దేశమంతా మేలుకుని ఉంది, రాష్ట్రపతి కూడా వచ్చి ఉన్నారు. అయినా ఒక లెక్క సరిగ్గా లేదని ఆపారు. వారం తర్వాత, 22న ఎగరేశారు. లెక్క చూసి ఆగగలిగారంటే, ఆ లెక్క సరైన వేళకి సరైన మనిషి కళ్ల ముందు పడిందన్నమాట. నాకైతే ఎగిరినదానికంటే ఆగినదే ఎక్కువ ముచ్చట.

మా బావ దగ్గర ఇవన్నీ చెప్తే నవ్వుతాడు. ఆయనకి రొయ్యల గుంటలు. "నీ సర్వరు పడితే మళ్లీ లేపుతావు, నా రొయ్య పడితే?" అంటాడు. నిజమే. గుంటలో ఆక్సిజన్ తెల్లారేముందు అడుగంటుతుంది. రాత్రంతా నీటిలో పచ్చదనం ఆక్సిజన్ తయారుచేయదు, తీసుకుంటుంది. లీటరుకి మూడు మిల్లీగ్రాముల కిందకి దిగితే రొయ్యకి ఊపిరాడదు. ఆ వేళకి కరెంటు పోయి, నీళ్లకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే, జనరేటరు దాకా పరుగే పరుగు. ఒకప్పుడు కాపలా మనిషి మంచె మీద మేలుకోవడమే దారి. ఇప్పుడు నీళ్లలో సెన్సారు దించి ఫోనుకి కబురు పంపే సరుకు వచ్చింది. విజయవాడలో ఏరువాక అనే కంపెనీ 2012లో ఈ పనే మొదలుపెట్టింది. బావ ఫోనులో గీత చూస్తా నిద్రపోతాడు. నిద్రలో కూడా చూస్తాడేమో అక్కని అడగాల.

ఆయనకోసం ఒక డాష్‌బోర్డు కడదామని కూర్చున్నా. ఆక్సిజన్, మేత, కరెంటు పోయిన నిమిషాలు, డీజిలు ఖర్చు, అమ్మిన కౌంటు, అన్నీ ఒకచోట. అక్కడ వచ్చింది సరదా. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. వంద కౌంటంటే పొట్టివి. ముప్ఫై కౌంటంటే బలిసినవి, మంచి ధర. సాఫ్ట్‌వేరుకి ఇది తెలీదు గదా! కౌంటు నూరు నుంచి నలభైకి దిగిందని ఎర్రబాణం వేసి, కిందకి చూపించి, కంగారు పెట్టింది. బావ ఆ ఎరుపు చూసి "నా పంట బాగుంటే నీ పెట్టెకి ఏడుపెందుకయ్యా?" అన్నాడు. మిషన్లలోనూ ఇంతే. పాడైనదాన్ని బాగుచేయడానికి పట్టిన సగటు టైము తగ్గితే మంచిది, మిషను నడిచిన టైము పెరిగితే మంచిది. ఒకే తెర మీద కొన్ని ఎక్కితే పండగ, కొన్ని దిగితే పండగ. ఏది ఎటు పోవాలో ముందే చెప్పుకోకపోతే రంగులన్నీ తలకిందులు.

కరెంటు సంగతి కూడా చెప్పుకోవాల. విద్యుత్ పంపిణీ వాళ్లు రెండు లెక్కలు కడతారు. కరెంటు ఎన్నిసార్లు పోయింది, మొత్తం ఎంతసేపు పోయింది. రెండూ విడివిడిగా. ఎంత తెలివైన పద్ధతి! పదిసార్లు ఒక్కో నిమిషం పోవడం, ఒకేసారి పది నిమిషాలు పోవడం, ఈ రెండూ బావకి ఒకటి కాదు. మొదటిది మోటార్లకి చేటు, రెండోది రొయ్యలకి చేటు. ఆఫీసుల్లో మాత్రం మొత్తం నిమిషాలే చూపించి చేతులు దులుపుకుంటారు.

అయితే లెక్క పెట్టినకొద్దీ మనుషులు తెలివి మీరిపోతారు, అది కూడా చెప్పాల. టికెట్లు ఎన్ని మూశారని డాష్‌బోర్డులో పెద్దగా వేయండి, మర్నాడు నుంచి టికెట్లు పుట్టలు పుట్టలుగా మూతపడతాయి. సమస్య ఇంట్లోనే ఉంటుంది, టికెట్టు మాత్రం పోతుంది. రెండు రోజులకి అదే సమస్య కొత్త నంబరుతో వస్తుంది. చార్లెస్ గుడ్‌హార్ట్ అని బ్రిటన్ ఆర్థికవేత్త 1975లో దీనిమీద ఒక సూత్రమే చెప్పాడు. కొలతని గురిగా పెట్టుకుంటే ఆ కొలత చెడుతుందని తాత్పర్యం. ఆయనకంటే అర్ధ శతాబ్దం ముందే మనవాళ్లు ఇది చేసి చూపించారు. ఎట్టాగంటారా?

మన మండలంలోనే పల్లిపాడు ఉంది గదా, పెన్న ఒడ్డున. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ వచ్చి పినాకిని సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించింది అక్కడే. ఇక్కడి నుంచి నేను రాట్నం లెక్కలోకి జారుకుంటున్నా, పట్టుకోండి. 1924లో కాంగ్రెసు సభ్యత్వానికి నాలుగణాల చందా బదులు నూలు అన్నారు. నెలకి 2000 గజాలు! ఎంత చక్కటి కొలత చూడండి. గజం పెట్టి కొలవచ్చు, నెలకోసారి జమకట్టొచ్చు. మరి వడకడం రానివాళ్లో? ఇష్టం లేనివాళ్లో? ఇంకొకరు వడికిన నూలు పంపినా చెల్లుతుందని బెళగావి కాంగ్రెసు సభలో సర్దుబాటు చేశారు. ఇంకేం, కొని పంపినవాళ్లు కొని పంపారు. మరుసటి ఏడే డబ్బు చందా కూడా మళ్లీ చెల్లుతుందన్నారు. అందుకే ఇప్పటి ఆఫీసులో మూసిన టికెట్లు ఎన్నో, మళ్లీ తెరుచుకున్నవి ఎన్నో పక్కపక్కన వేస్తాన్నేను. రెండో గీత చూసి సిగ్గుపడేవాళ్లు కొంచెం సిగ్గుపడతారు. మిగతావాళ్లు నాతో మాట్లాడరు.

ఇంకో తమాషా. ఇంత కట్టాక అందరూ అడిగే మొదటి మాట, "ఇది లైవేనా?" లైవు కాదు మహాప్రభో. పవర్ బీఐ మామూలు లైసెన్సుకి దాచుకున్న డేటాని రోజుకి 8 సార్లే తాజా చేసుకోనిస్తుంది, ఖరీదైనదానికి 48 సార్లు. నెల నెలా చూసే లెక్కకి అదే ఎక్కువ. పక్కన ఇంకో చిక్కు. ఆఫీసులోని డేటా పైకి పోవాలంటే గేట్‌వే అనే చిన్న ప్రోగ్రాము ఏదో ఒక మిషన్లో నడుస్తా ఉండాల. ఆ మిషను ఎక్కడ ఉంటుందంటారు? మూలన, పాత బల్ల కింద. సాయంత్రం ఎవరో ఫ్యానుతోపాటు దాని స్విచ్చి కూడా కట్టేసి ఇంటికి పోతారు. వేయి సర్వర్లని కనిపెట్టే డాష్‌బోర్డు మర్నాడు నిన్నటి పచ్చరంగులే పట్టుకుని కూర్చుంటుంది, అంతా క్షేమం అంటా. కాబట్టి కాపలా సాఫ్ట్‌వేరుకి ముందు ఆ గేట్‌వే మిషన్నే అప్పజెప్పండి. చివరిసారి ఎప్పుడు తాజా అయిందో ఆ టైముని తెర మీద పెద్దగా, సిగ్గుపడకుండా వేయండి.

ఇక తెలుగులో వేయడం. అంకెలన్నీ ఇంగ్లీషు మధ్య ఎందుకుండాలి, మా బావకోసం కట్టినదాన్ని తెలుగులోనే కట్టా. బాగానే కుదిరింది, నెలలు తప్ప. చెప్పకపోతే సాఫ్ట్‌వేరు నెలల్ని అక్షరక్రమంలో పేరుస్తుంది. ఇంగ్లీషులో ఏప్రిల్, ఆగస్టు, డిసెంబరు అంటా మొదలుపెడుతుంది. తెలుగులో ఎవరు ముందొస్తారో ఊహించండి. అక్టోబరు! దాని వెనక ఆగస్టు, ఏప్రిల్, జనవరి, జులై, జూన్. సెప్టెంబరు ఆఖర్న. బావ చూసి తల ఊపాడు. "సరిగ్గానే ఉందే! మనకి ఈశాన్యం వాన అక్టోబరులోనే గదా మొదలయ్యేది" అన్నాడు. నాకు ఎంత నచ్చిందో ఆ మాట! అట్టానే వదిలేద్దామనుకున్నా. అక్క ఒప్పుకోలేదు. డీజిలు బిల్లులు రాసేది ఆవిడ. నెలకి ఒక నంబరు ఇచ్చి, ఆ నంబరు ప్రకారం పేర్చమని చెప్పి, జనవరిని ముందుకి లాగా.